ఆదివారం కానుకల సంచి దగ్గర మొహమాటపడకుండా ఉండాలంటే ఏం చెయ్యాలి

శనివారం రాత్రి అన్నాలు తిన్నాక ఇంట్లోవాళ్ళందరూ పది నిమిషాలు కూర్చుని రేపు చర్చిలో కానుక ఎంత వెయ్యాలో మాట్లాడుకోండి. ఆ డబ్బు ఒక కవర్లో పెట్టి బైబిల్ మధ్యలో పెట్టెయ్యండి, అంతే, పొద్దున అక్కడ ఎవరేం అన్నా ఆ కవరే. పర్సులో ఆటో డబ్బులు తప్ప ఇంకేం వద్దు. నేను రాసేదంతా చదవడానికి టైం లేకపోతే ఈ ఒక్కటి చేసినా చాలు, ఎందుకంటే మొహమాటం అనేది చర్చిలో కూర్చున్నాకే పట్టుకుంటది, ఇంట్లో ఉన్నప్పుడు డబ్బాలో బియ్యం ఎంత ఉన్నాయో, పిల్లాడి ఫీజు ఎప్పుడు కట్టాలో, చీటీ ఎప్పుడు కట్టాలో అన్నీ కళ్ళముందే ఉంటాయి, అక్కడ అనుకున్నదే నిజంగా మనం అనుకున్నది.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే మా అమ్మ వల్ల. నాన్న పోయాక అమ్మ గుంటూరులో మిర్చి తొడిమలు తీసే పనికి వెళ్ళేది, తెల్లారకముందే క్యారేజీ కట్టుకుని వెళ్తే సాయంత్రానికి చేతులు భగభగ మండిపోయేవి, రాత్రి కొబ్బరినూనె రాసుకుని అరచేతులు పైకి పెట్టుకుని పడుకునేది. నేను ఇంటర్ చదివేటప్పుడు మా పేటలో మూడు రోజులు ఉజ్జీవ సభలు పెట్టారు. ఆఖరి రాత్రి బయటి ఊరు నుంచి వచ్చిన ప్రసంగీకుడు మందిరం స్లాబ్ కోసం అడుగుతా, ఇక్కడ పదిమందితో దేవుడు మాట్లాడుతున్నాడు, పదివేలు ఇచ్చే ఆ పదిమంది లేచి నిలబడండి అన్నాడు. వెనకాల కీబోర్డు మెల్లగా వాయిస్తానే ఉన్నారు, తొమ్మిది మంది లేచారు, ఇంకొక్కరు, ఇంకొక్కరు అని అయిదు నిమిషాలు అట్లానే ఆపాడు. ఆ పదో మనిషి మా అమ్మ. పక్కనే కూర్చున్న నాకు ఆమె కొంగు పట్టుకున్న చెయ్యి వణకడం కనపడింది. ఆ పదివేలకి చెవి కమ్మలు తాకట్టు పెట్టింది, చెవులు పూడిపోకుండా వేపపుల్లలు పెట్టుకుంది, ఒకటి కాదు రెండేళ్ళు, ఎవరింట్లో అన్నా పెళ్ళికి వెళ్తే చెవులు కనపడకుండా కొంగు తలమీదుగా లాక్కునేది. ఆమె దేవుణ్ణి ఒక్క మాట అనలేదు, పాస్టరుగారిని కూడా అనలేదు. నేనే ఇప్పటికీ మర్చిపోలేకపోతున్నా.

అట్లా అని కానుకలు ఇవ్వొద్దని చెప్పడానికి ఇది రాయట్లేదు. తర్వాత నేనే నాలుగేళ్ళు ఒక చిన్న సంఘంలో ట్రెజరర్‌గా చేశా, రేకుల షెడ్డు అద్దె, కరెంటు బిల్లు, పాస్టరుగారి ఇంటద్దె, వాళ్ళ పాప ఫీజు, ఇవన్నీ ఆ సంచిలో పడిన పదులూ ఇరవైల్లోంచే వెళ్ళాలి, కొన్ని నెలలు అయ్యగారి బండికి పెట్రోలు కూడా ఉండేది కాదు. అందుకని అడిగేవాళ్ళ బాధ కూడా నాకు తెలుసు. ఇవ్వాలి. కానీ భయంతోనో సిగ్గుతోనో ఇవ్వకూడదు, అట్లా ఇప్పించకూడదు.

ముందు వాక్యం విషయం మనసులో తేల్చుకోండి, ఎందుకంటే ఒత్తిడి ఎప్పుడూ వాక్యం పేరుతోనే వస్తది. ఎక్కువగా చదివేది మలాకీ 3వ అధ్యాయం, పదో వంతు మందిరపు నిధికి తేకపోతే దేవుణ్ణి దొంగిలించినట్టే అన్నది. సరే, అది ఉంది. అయితే ఆ పదో వంతు ఎవరికోసమో ద్వితీయోపదేశకాండం 14 ఆఖర్లో ఉంది, అది కూడా చదవండి. మూడో ఏడాది ఆ భాగం ఊళ్ళోనే ఉంచితే మందిర సేవ చేసే లేవీయులు, పరదేశులు, తండ్రి లేని పిల్లలు, విధవరాళ్ళు వచ్చి తిని తృప్తి పడాలని రాసుంది. అంటే మా అమ్మ ఆ లెక్కలో పుచ్చుకోవాల్సిన మనిషి. ఇక కొత్త నిబంధనలో పౌలు రెండో కొరింథీ 9:7లో సూటిగానే చెప్పాడు, సణుక్కుంటా కాదు, బలవంతంగా కాదు, ఎవరి హృదయంలో వాళ్ళు నిశ్చయించుకున్నట్టు ఇవ్వాలని. దాని ముందు అధ్యాయంలో, మనిషికి ఉన్నదాన్ని బట్టే గానీ లేనిదాన్ని బట్టి కాదని కూడా అన్నాడు. పొలం అమ్మి కొంత దాచుకుని అంతా ఇచ్చామని చెప్పి చనిపోయిన అననీయ సప్పీరాల కథ చెప్పి భయపెట్టేవాళ్ళు ఉంటారు, అపొస్తలుల కార్యములు 5:4 తీసి చూడండి, ఆ పొలం అమ్మకముందు నీదే కదా, అమ్మాక డబ్బు కూడా నీ చేతిలోనే ఉంది కదా అని పేతురే అంటాడు, వాళ్ళ తప్పు అబద్ధం ఆడటం, తక్కువ ఇవ్వడం కాదు.

తనకున్నదంతా కానుక పెట్టెలో వేసేసిన బీద విధవరాలి రెండు కాసుల సంగతి అయితే ప్రతి కానుకల ప్రసంగంలో వినపడుద్ది. మార్కు 12లో ఆ కథ 41వ వచనంలో మొదలవుద్ది, దానికి సరిగ్గా ముందు వచనం, 40, ఏముందో గమనించండి, విధవరాళ్ళ ఇళ్ళు మింగేసి పైకి మాత్రం దీర్ఘ ప్రార్థనలు చేసే శాస్త్రుల (ధర్మశాస్త్రం బోధించేవాళ్ళ) గురించి యేసు అక్కడ హెచ్చరిస్తున్నాడు. ఆ రెండూ పక్కపక్కనే ఉన్నాయి. నేను వెళ్ళిన ఎన్నో సభల్లో 41 నుంచి చదివారు గానీ 40 చదివినవాళ్ళు నాకు గుర్తులేరు.

ఇవి వాదన పెట్టుకోడానికి చెప్పట్లేదు, పాస్టరుగారితో బైబిల్ తీసి గొడవపడితే మీరే అలిసిపోతారు. మీ మనసులో భయం పోవాలని చెప్తున్నా. భయం పోతే నోటి మాట మెత్తగానే వస్తది.

ఇప్పుడు ఒక్కో సందర్భంలో ఏం చెయ్యాలో చూద్దాం.

చందా పుస్తకం పట్టుకుని పెద్దలు ఇంటికి రావడం మన దగ్గర చాలా మామూలు, క్రిస్మస్ ముందు, కోత పండగ ముందు, స్లాబ్ వేసేముందు. ఆ పుస్తకంలో మొదటి పేజీలో ఎప్పుడూ పెద్ద మొత్తాలే ఉంటాయి, పక్కింటివాళ్ళు 5 వేలు అని చూపిస్తారు. వచ్చిన ఆయన మనకి బాబాయి వరస అవుతాడు, చిన్నప్పుడు ఎత్తుకున్నాడు, ఎట్లా కాదంటాం. మా ఇంట్లో జరిగింది చెప్తా. "బాబాయ్, 500 రాసుకోండి" అన్నా. "ఏందిరా, ఇద్దరూ ఉద్యోగాలు చేస్తా 500 ఏంటి, నీ పేరు పక్కన బాగుంటదా" అన్నాడు. పాత రోజుల్లో అయితే ఫీజులు, ఈఎంఐ, అమ్మ మందులు అని లిస్టు చదివేవాణ్ణి, అట్లా చెప్తే ప్రతిదానికీ ఆయన దగ్గర ఒక సమాధానం ఉంటది, బేరం మొదలవుద్ది. ఈసారి అదేం చెయ్యలేదు. "మేమిద్దరం కూర్చుని అనుకున్నది అంతే బాబాయ్, టీ తాగి వెళ్దురు" అన్నా, 500 చేతిలో పెట్టి రసీదు అడిగా. ఆయన కాసేపు పుస్తకం వంక చూసి రాసుకున్నాడు. తర్వాతి ఆదివారం మామూలుగానే మాట్లాడాడు. మీరూ ఇంతే చెయ్యండి, మొత్తం చెప్పండి, కారణం చెప్పకండి, మర్యాద తగ్గించకండి. అప్పటికి ఎంతివ్వాలో ఇంట్లో అనుకోకపోతే "ఇంట్లో మాట్లాడుకుని ఆదివారం నేనే తెచ్చిస్తానండి" అని పంపించండి, అప్పుడు మాత్రం మాట తప్పకుండా ఎంతో కొంత తీసుకెళ్ళండి.

సభల్లో చేతులెత్తమనడం, నిలబడమనడం, ముందుకి రమ్మనడం, ఫారం ఇచ్చి విశ్వాస వాగ్దానం రాయమనడం, ఇక్కడ నా మాట ఒక్కటే, రాత్రి పూట మైకు ముందు ఏ మొత్తానికీ ఒప్పుకోవద్దు. పాటలు పాడి, ఏడ్చి, ప్రార్థన చేసి మనసు కరిగిపోయి ఉంటది, అది తప్పు కాదు, అది మంచిదే, కానీ ఆ గంటలో లెక్కలు కనపడవు. ఫారం ఇంటికి తెచ్చుకోండి. దేవుడు నిజంగా మీతో మాట్లాడి ఉంటే మంగళవారం పొద్దున కూడా అదే మాట ఉంటది. విజయవాడలో గుణదల మేరీమాత కొండకి ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో వెళ్ళేవాళ్ళని చూడండి, తలనీలాలు అయినా కొవ్వొత్తులు అయినా ఎవరి మొక్కు వాళ్ళు ఇంటి దగ్గరే అనుకుని బయల్దేరతారు. మీరు ఏ సంఘం వాళ్ళయినా సరే, ఆ పద్ధతి పట్టుకోండి. ఇంకోటి, పెద్దవాళ్ళని ఇట్లాంటి సభలకి ఒంటరిగా పంపకండి, పక్కన ఎవరో ఒకరు కూర్చోండి, అమ్మ లేవబోయినప్పుడు చెయ్యి పట్టుకుని "ఇంటికెళ్ళి ఆలోచిద్దాం అమ్మా" అనే ధైర్యం ఆ రోజు నాకు లేదు.

అప్పు చేసి కానుక వద్దు. తాకట్టు పెట్టి వద్దు. దీంట్లో నేను ఎవరితోనూ రాజీపడను. 2015 చివర్లో విజయవాడలో కాల్ మనీ గొడవ, అడగ్గానే ఎక్కువ వడ్డీకి అప్పిచ్చి పీడించేవాళ్ళ గొడవ, బయటపడ్డప్పుడు వడ్డీలకి తెచ్చుకున్న ఆడవాళ్ళ గతి ఏమైందో మనందరం చూశాం. వడ్డీ కట్టేవాళ్ళు ముందు ఆ అప్పు తీర్చుకోండి, ఎవరికీ ఏమీ బాకీ ఉండొద్దని రోమా 13:8లో ఉంది. అమ్మానాన్నల మందులు ఆపి ఇచ్చే కానుక కూడా ఇట్లాంటిదే, మార్కు 7లో కొర్బాను, అంటే దేవుడికి ఇచ్చేశాం, అని చెప్పి తల్లిదండ్రులకి పెట్టకుండా తప్పించుకునేవాళ్ళని యేసు ఎంత గట్టిగా తిట్టాడో చదవండి.

పేర్లు మైకులో చదవడం, బోర్డు మీద మొత్తాలు రాయడం, వాట్సాప్ గ్రూపులో ఫోన్‌పే స్క్రీన్‌షాట్లు పెట్టడం, ఇవి కొందరికి ఉత్సాహం, ఇవ్వలేనివాళ్ళకి నరకం. మీరు ఇచ్చేటప్పుడే "నా పేరు చదవొద్దండి అయ్యగారూ, కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదు కదా" అనండి. బాగా ఇచ్చేవాళ్ళు నలుగురు ఇట్లా అంటేనే ఆ అలవాటు పోద్ది, 20 రూపాయలు వేసే మనిషి అంటే ఎవరూ వినరు, కాబట్టి మీకు కాస్త ఉంటే ఈ పని మీరే చెయ్యాలి. క్యూఆర్ కోడ్ స్కాన్ చేసినప్పుడు స్క్రీన్ మీద ఎవరి పేరు వస్తదో చూడండి, సంఘం పేరు కాకుండా మనిషి పేరు వస్తే నొక్కకముందు అడగండి.

కోత పండగ వేలం గురించి నాకు వేరే అభిప్రాయం. ఎవరో పెరట్లో కాసిన సొరకాయ తెచ్చి బల్లమీద పెడితే అది పాడుకుంటా పాడుకుంటా రెండు వేలకి పోవడం, అందరూ చప్పట్లు కొట్టడం, అది మన ఊళ్ళ సంతోషం, దాన్ని తియ్యొద్దు. అయితే మీ హద్దు మీరు ముందే అనుకుని వెళ్ళండి, పాడలేకపోతే ఇంట్లో చేసిన జంతికలో, నాలుగు నిమ్మకాయలో, ఒక గుమ్మడికాయో తీసుకెళ్ళి బల్లమీద పెట్టండి, మీరు పెట్టింది వేరేవాళ్ళు పాడతారు, అది మీ కానుకే.

ఇంక అసలు కష్టమైనది. కొన్ని సంఘాల్లో చందా బాకీ ఉంటే ఓటు ఉండదు, అది నియమావళిలో రాసుకున్న సభ్యత్వ రుసుం, దాన్నీ కానుకనీ కలపకండి, కట్టగలిగితే ఏడాదికోసారి కట్టేసి రసీదు దాచుకోండి. కట్టలేకపోతే బాగున్న రోజుల్లోనే పాస్టరుగారి దగ్గరికి వెళ్ళి చెప్పి, తగ్గించమనో మాఫీ చెయ్యమనో ఒక కాగితం రాసిచ్చి దాని కాపీ మీ దగ్గర ఉంచుకోండి. ఎందుకంటే ఇంట్లో శవం పెట్టుకుని ఉన్నప్పుడు సమాధి తోటలో స్థలం కోసం వెళ్తే పాత చందా పుస్తకం తీసినవాళ్ళని నేను కళ్ళారా చూశా, ఆ ఇంటి పెద్దకొడుకు బయట నిలబడి ఫోన్లు చేసి డబ్బులు అడుక్కున్నాడు. అట్లాంటి టైంలో మీరు ఒంటరిగా వెళ్ళొద్దు, కమిటీలో మనసున్న పెద్దమనిషి ఒకరు ఎక్కడైనా ఉంటారు, ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్ళండి. బాప్తిస్మానికి, రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే ప్రభు బల్లకి డబ్బు అడిగితే ఇవ్వొద్దు.

ఇవ్వకపోతే శాపం తగులుద్ది, కానుక పంపితే జబ్బు నయమవుద్ది, విత్తన కానుక వేస్తే వీసా వస్తది అనే చోట ఇంక ఆలోచన వద్దు, లేచి వచ్చెయ్యండి. సిరియా సేనాధిపతి నయమాను కుష్టు పోయాక ఎలీషా ప్రవక్త ఒక్క పైసా ముట్టలేదు, వెనకాల పరిగెత్తి వెండీ బట్టలూ పుచ్చుకున్నది ఆయన పనివాడు గేహజీ, ఆ కుష్టు వాడికి అంటుకుంది. ఆసుపత్రి మంచం పక్కన ప్రార్థనకి వచ్చినవాళ్ళకి ఆటో ఖర్చు ఇవ్వండి, టిఫిన్ పెట్టండి, అంతకుమించి అక్కడ మాట ఇవ్వకండి, ఆపరేషన్ డబ్బులు ఆపరేషన్‌కే ఉంచండి.

ఇచ్చే ముందు అడగాల్సిన ప్రశ్నలు కూడా ఉన్నాయి, అడగడం అవిశ్వాసం కాదు. పౌలు యెరూషలేము పేదలకి చందా పంపేటప్పుడు ఎవరూ తమమీద తప్పు మోపకుండా ఉండాలని వేరే సహోదరుల్ని కూడా ఆ డబ్బుతో పంపించాడు, రెండో కొరింథీ 8లో ఉంది. మందిర నిర్మాణం అంటే మొట్టమొదట అడగాల్సింది స్థలం రిజిస్ట్రేషన్ ఎవరి పేరున ఉందని. సంఘం పేరునో, సొసైటీ, ట్రస్టు పేరునో ఉంటే సరే, పాస్టరుగారి సొంత పేరునో వాళ్ళ అబ్బాయి పేరునో ఉంటే మీరు వేసే సిమెంటు బస్తా వాళ్ళ ఆస్తిలో కలుస్తది, తెలిసి ఇస్తే ఇవ్వండి. మన రాష్ట్రంలో 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదైన సంఘమైతే ఏటా సర్వసభ్య సమావేశం పెట్టి లెక్కలు చెప్పాలి, ఆ కాగితం చూపించమనండి. విదేశీ డబ్బు వస్తుందని చెప్పుకునేవాళ్ళయితే ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ ఉండాలి, 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ముందు ఢిల్లీలో స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచి ఖాతాలోకే రావాలి. ఇచ్చిన విరాళానికి ఇన్‌కమ్ ట్యాక్స్‌లో 80జి తగ్గింపు వస్తదని ఎవరన్నా ఊరిస్తే, ఆ సంస్థకి 80జి ఉందో లేదో సర్టిఫికెట్ చూడండి, ఉన్నా కూడా 2 వేలకి మించి నగదుగా ఇస్తే ఆ తగ్గింపు రాదు.

మేము చేసిన పద్ధతి చెప్తా, మీ సంఘంలో అడగొచ్చు. ఆరాధన అవ్వగానే సంచి బల్లమీద అందరి ముందే బోర్లించేవాళ్ళం, చుట్టరికం లేని ఇద్దరు లెక్కపెట్టి పుస్తకంలో సంతకాలు పెట్టేవాళ్ళు, సోమవారం బ్యాంకులో వేసేవాళ్ళం, చెక్కు మీద ఇద్దరి సంతకం ఉంటేనే చెల్లేది, నెలాఖరున వచ్చింది ఎంత, పోయింది ఎంత ఒక కాగితం తలుపు పక్కన అంటించేవాళ్ళం. ఎవరెంత ఇచ్చారో రాయలేదు, దేనికి ఖర్చయిందో రాశాం. మూడో ఏడాది వరసల మధ్య సంచి తిప్పడం మానేసి తలుపు దగ్గర పెట్టె పెట్టాం. మొదట్లో డబ్బు తగ్గింది, దాచడం ఎందుకు, సౌండ్ సిస్టం అద్దె మానుకున్నాం. కానీ అంతకుముందు ప్రసంగం అయ్యీ అవ్వకముందే వెనక నుంచి లేచి వెళ్ళిపోయే ముగ్గురు ఆడవాళ్ళు ఆఖరి ప్రార్థన దాకా ఉండటం మొదలుపెట్టారు. వాళ్ళు ఎందుకు వెళ్ళిపోయేవాళ్ళో అన్నేళ్ళు మాకు తట్టలేదు.

డబ్బు లేని నెలలో ఏమీ వెయ్యకపోయినా పర్వాలేదు, సంచి వస్తే పక్కవాళ్ళకి అందించండి, ఖాళీ గుప్పెట సంచిలో పెట్టి తియ్యాల్సిన పనిలేదు. గుప్పెడు బియ్యం పద్ధతి ఉన్నచోట రోజూ వంటకి బియ్యం తీసేటప్పుడు ఒక గుప్పెడు పక్కన వెయ్యండి, ఆదివారానికి కాసిని పోగవుతాయి. చాపలు వెయ్యడం, సండే స్కూల్ పిల్లలకి చెప్పడం, అవి కూడా కావాల్సినవే. ఇచ్చే స్తోమత ఉన్నవాళ్ళు మాత్రం పాస్టరుగారిని పక్కకి పిలిచి "ఈ నెల కరెంటు బిల్లు నేను కడతానండి" అని అడగండి, అట్లాంటి మాట విన్న రోజు ఆయన మైకులో ఎవర్నీ అడగరు. మన గుంటూరుకి 1883లో వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ వెనక ఉన్నది అమెరికాలో లూథరన్ స్త్రీల సమాజాలు పోగుచేసి పంపిన కానుకలే, ఆ డబ్బు ఇక్కడ ఆడవాళ్ళ కాన్పులకి, మందులకి పనికొచ్చింది. కానుకకి అంత బలం ఉంది కాబట్టే దాన్ని సిగ్గుతో, భయంతో లాక్కోవడం చూస్తే నాకు తట్టుకోబుద్ధి కాదు.

ఇవన్నీ చేసినా మీ సంఘంలో ఏమీ మారకపోతే, ప్రతి ఆదివారం కడుపులో దిగులుతో వెళ్ళాల్సి వస్తుంటే, సంఘం మారండి. చెప్పకుండా మానెయ్యకండి, స్టేటస్‌లు పెట్టకండి. పాస్టరుగారి ఇంటికి వెళ్ళి ఎందుకు వెళ్తున్నారో రెండు మాటల్లో చెప్పి సభ్యత్వ బదిలీ ఉత్తరం అడగండి, పిల్లల బాప్తిస్మం సర్టిఫికెట్లు, చందా రసీదులు, సమాధి తోట కాగితాలు ఏమన్నా ఉంటే అన్నీ తీసుకుని బయటికి రండి. కొత్త చోట మూడు నెలలు ఊరికే కూర్చుని చూడండి, కానుకల టైంలో మైకు ఎంతసేపు నడుస్తదో, చినిగిన చీర కట్టుకున్న మనిషిని ఏ వరసలో కూర్చోబెడతారో గమనించండి, ఆ తర్వాతే పేరు రాయించుకోండి.